కేక వేసే కారు, ప్రశ్న అడిగే కారు

పిల్లలూ! ఈ నెల ఒక కోతితో మొదలు పెడతాను. సైన్సు పేజీలో కోతికేం పని అంటారా? కాస్త ఓపిక పట్టండి.

మొన్న మే నెలలో మా అక్కయ్య, బావగారు, మేనల్లుడు, నేను కలిసి ఖమ్మం నుంచి భద్రాచలం బయలుదేరాము. కారు బావగారిది, కొత్తది. కొత్తగూడెం, పాల్వంచ దాటిన తరువాత అడవిగాలి తగులుతుంది. రోడ్డు వార కోతులు బారులు తీరి కూర్చుని ఉంటాయి, ఎవరు ఏం విసురుతారా అని. సారపాక దగ్గర గోదావరి వంతెన ఎక్కి అవతలి ఒడ్డు చేరాము. ఆ వంతెన 1965 లో వచ్చింది. అంతకు ముందు వెళ్ళినవాళ్ళు ఇవతలి ఒడ్డున బండి దిగి, నది దాటి రాముడి దర్శనం చేసుకునేవారు.

దర్శనం అయింది. భోజనాలు అయినవి. భద్రాచలంలో మే నెల ఎండ సంగతి మీలో ఆ ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కరలేదు. కారును చింతచెట్టు నీడన పెట్టి, సత్రంలో నడుం వాల్చాము. కళ్ళు మూతలు పడ్డాయో లేదో, కింద కారు కుయ్యో మొర్రోమని అరవసాగింది. నేను చెప్పులు వేసుకుని దిగి చూశాను. కారు మీద ఎవరూ లేరు. మీట నొక్కి నోరు మూయించి పైకి వచ్చాను. పావుగంటకు మళ్ళీ అదే గోల. ఈసారి కిటికీలోంచి మాత్రం తొంగి చూశాను. మూడోసారి అరిచినప్పుడు అటు తిరిగి పడుకున్నాను. నాలుగోసారి అరిచిందో లేదో నాకు తెలియదు.

సాయంత్రం కిందికి దిగేసరికి కారు కుడివైపు అద్దం, అంటే డ్రైవరు వెనక్కి చూసుకునే అద్దం, ఊడి నేలమీద పడి ఉన్నది. పక్క కొట్టు అతను నవ్వి, "కోతండీ! అద్దంలో ఇంకో కోతి కనబడిందని దానితో అరగంట కొట్లాడింది," అన్నాడు. "మరి మీరు తోలలేదా?" అన్నాను. "కారు ఊరికే అరుస్తూ ఉన్నది గదా అనుకున్నాం," అన్నాడతను.

మా మేనల్లుడు నా మొహంలోకి చూసి, "మామయ్యా! కారు మూడుసార్లు పిలిచింది గదా. నువ్వెందుకు లేవలేదు?" అన్నాడు.

వాడికి అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చి ఆలోచించి, అక్కడా ఇక్కడా చదివి, ఇదుగో, వాడితో పాటు మీ అందరికీ చెబుతున్నాను.

ముందు ఆ అరిచే పెట్టె సంగతి చూద్దాం. కంపెనీవాళ్ళు పెట్టిన అలారం చాలదని బావగారు ఒక మెకానిక్కు చేత ఇంకొకటి పెట్టించారు. అందులో ఉన్నది చాలా సులువైన ఏర్పాటు. ఒక చిన్న బరువును స్ప్రింగు మీద నిలబెట్టారనుకోండి. కారు కదిలితే బరువు ఊగుతుంది. ఊగి పక్కనున్న లోహానికి తగిలితే విద్యుత్తు ప్రవహిస్తుంది, సైరను మోగుతుంది. ఇప్పటి పెట్టెల్లో స్ప్రింగుకు బదులు, ఒత్తిడి తగిలితే విద్యుత్తు పుట్టించే పింగాణీ బిళ్ళ ఉంటుంది. పని మాత్రం అదే. తలుపుల దగ్గర మీటలు కూడా ఉంటాయి. తలుపు తీస్తే కారులోపలి దీపం వెలుగుతుంది చూడండి, ఆ మీటే అలారానికి కూడా కబురు చెబుతుంది.

కొన్ని కార్లలో ఇంకొక తమాషా ఉన్నది. మన చెవికి వినిపించనంత కీచుగా ఉండే ధ్వనిని కారు లోపల వదిలి, అది ఎట్లా తిరిగి వస్తున్నదో వింటూ ఉంటుంది. పురుగులు తినే గబ్బిలాలు చీకట్లో చేసేపని ఇదే. లోపల ఏదైనా కదిలితే తిరిగి వచ్చే ధ్వని మారుతుంది, వెంటనే కేక! మరి కిటికీ అద్దం కొంచెం దించి ఉంచి, గాలికి లోపల కాగితం ఎగిరినా అదే కేక.

చిక్కు అక్కడే ఉన్నది. స్ప్రింగు మీది బరువుకు దొంగ చెయ్యీ, కోతి చెయ్యీ, పక్కనుంచి పోయే బొగ్గు లారీ అదురూ, దీపావళి టపాకాయా అన్నీ ఒకటే. అది ఎప్పుడూ ఒకే గొంతుతో, ఒకే మాట అరుస్తుంది. "నాన్నా పులి" కథ మీకందరికీ వచ్చు. ఆ కథలో కుర్రవాడు కావాలని అబద్ధం ఆడాడు. కారు పాపం అబద్ధం ఆడలేదు. దానికి తేడా తెలియదు, అంతే. కాని వినేవాళ్ళకు ఫలితం మాత్రం అదే గదా!

ఇప్పుడు భద్రాచలంలోనే ఉన్న ఇంకొక హెచ్చరిక చూడండి. గోదావరికి వరద వచ్చినప్పుడు నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక చేస్తారు. 48 అడుగులకు రెండవది. 53 అడుగులకు మూడవది. 1986 లో నీరు 75.6 అడుగులకు ఎక్కింది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చింది. అక్కడి పిల్లవాణ్ణి అడగండి, మొదటి హెచ్చరికకు ఏం చెయ్యాలో, మూడవదానికి ఏం చెయ్యాలో గడగడా చెబుతాడు. ఆ హెచ్చరిక "ప్రమాదం" అని మాత్రమే అనదు, ఎంత ప్రమాదమో కూడా చెబుతుంది. అందుకే జనం వింటారు, లేస్తారు, సామాను సర్దుకుంటారు.

అలారాలు చేసేవాళ్ళకు కూడా ఈ ఊహ తట్టింది. రెండవ తరం అలారాల్లో చిన్న తాకిడికి "కీచ్ కీచ్" మని రెండు కూతలు మాత్రమే, గట్టి దెబ్బకు పూర్తి సైరను. అడవిలో కొండముచ్చును చూడండి, చెట్టు చిటారున కూర్చుని చిరుతను చూస్తే ఒక ప్రత్యేకమైన కూత కూస్తుంది. దాన్ని వింటే కింద మేసే దుప్పులు చెవులు నిక్కిస్తాయి. అదే కొండముచ్చు గాలికి, ఆకుకు కూడా అట్లాగే కూస్తే దుప్పి తలెత్తి చూస్తుందా?

అయినా, ఎంత బాగా అరిచినా అరుపు అరుపే. దొంగ చెవిటివాడైతే? లేక వినేవాళ్ళు నావంటివాళ్ళయితే? కారు తనను తాను కాపాడుకోవాలంటే అరవటం కాదు, కదలకుండా ఉండటం నేర్చుకోవాలి. అది అర్థం కావాలంటే అసలు కారు ఎట్లా బయలుదేరుతుందో చూడాలి.

పూర్వం మోటారు బండి స్టార్టు చెయ్యాలంటే ముందువైపు ఇనుప హ్యాండిలు దూర్చి చేత్తో తిప్పేవారు. 1932 లో నిజాం రాజ్యంలో 27 బస్సులతో ప్రభుత్వ రోడ్డు రవాణా మొదలైంది. ఆ కాలపు బండ్ల క్లీనర్లకు హ్యాండిలు కొట్టటం ఒక విద్య. ఇంజను ఒక్కొక్కసారి వెనక్కు తన్నేది. హ్యాండిలు గిర్రున వెనక్కు తిరిగి మణికట్టు విరిగేది. అందుకని బొటనవేలును హ్యాండిలు చుట్టూ బిగించకుండా మిగతా నాలుగు వేళ్ళ వైపే ఉంచమని పెద్ద క్లీనరు చిన్న క్లీనరుకు మొదటి పాఠం చెప్పేవాడు. కాని ఒక మాట, ఆ రోజుల్లో దొంగతనానికి కూడా కండ కావలసి వచ్చేది!

ఆ హ్యాండిలును వదిలించినవాడు అమెరికాలోని చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు. అంతకు ముందు ఆయన దుకాణాల్లో డబ్బు లెక్కపెట్టే యంత్రానికి చిన్న విద్యుత్ మోటారు అమర్చాడు. అప్పుడు ఆయనకు ఒక సంగతి తెలిసింది. రోజంతా తిరగవలసిన మోటారు పెద్దదిగా ఉండాలి. కాని ఒక్క క్షణం బలం చూపి ఊరుకునే మోటారు చిన్నదైనా సరిపోతుంది, వేడెక్కేలోపల పని అయిపోతుంది గదా. ఈ ఊహతోనే 1911 లో ఇంజను తిప్పే మోటారు చేశాడు. 1912 కాడిలాక్ కార్లకు దాన్ని పెట్టారు. మన డ్రైవర్లు "సెల్ఫు" అనేది దీన్నే. సెల్ఫు కొట్టిన ఆ రెండు మూడు క్షణాల్లో బ్యాటరీనుంచి నూరు, నూటయాభై ఆంపియర్ల విద్యుత్తు పోతుంది. ఆ కాసేపూ అది సుమారు పాతిక సీలింగు ఫాన్లకు పట్టే శక్తి. అందుకే ఊరికే సెల్ఫు కొడుతూ ఉంటే బ్యాటరీ దిగిపోతుందని మీ నాన్నగారు కోప్పడతారు.

సెల్ఫు వచ్చాక బండి లేపటం సులువైంది, దానితో పాటు ఎత్తుకు పోవటం కూడా సులువైంది. రెండవ ప్రపంచ యుద్ధపు జీపులకు కాలితో నొక్కే సెల్ఫు మీట ఉండేది. సిపాయిలు తాళపుచెవులు పారేసుకుంటున్నారని యుద్ధం మధ్యలో తాళమే తీసేసి మామూలు మీట పెట్టారు! చెవి తిప్పగానే ఇంజను లేచే ఏర్పాటు 1949 క్రైస్లర్ కార్లలో వచ్చింది. కాని ఆ చెవి చేసే పని ఏమిటి? రెండు తీగలను కలపటం, అంతే. సినిమాల్లో వీరుడు కారులోకి దూకి, కింద తీగలు లాగి, చటచటా నిప్పురవ్వలు రాల్చి బండి తోలుకుపోతాడు చూడండి, పాత కార్లలో అది ఒట్టి కల్పన కాదు.

ఆ ఆట కట్టించింది చాలా చిన్న వస్తువు. తాళపుచెవి ప్లాస్టిక్కు పిడిలో బియ్యపు గింజకంటె కొంచెం పెద్దగా ఒక గాజు గొట్టం దాచారు. అందులో తీగ చుట్ట ఒకటి, చిన్న ఎలక్ట్రానిక్ చిప్పు ఒకటి ఉంటాయి. బ్యాటరీ లేదు. మరి శక్తి ఎక్కడిది? కారులో తాళం దూర్చే రంధ్రం చుట్టూ ఇంకొక తీగ చుట్ట ఉన్నది. చెవి పెట్టగానే ఆ చుట్టలో విద్యుత్తు అటూ ఇటూ ఊగుతూ అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రం చెవిలోని చుట్టలో విద్యుత్తును పుట్టిస్తుంది. మీ క్లాసులో ఫారడే పాఠం వచ్చినప్పుడు దీన్ని గుర్తు చేసుకోండి. ఆ కాస్త విద్యుత్తుతో చిప్పు మేల్కొని తన గుర్తు చెబుతుంది. గుర్తు సరిపోతేనే కారులోని కంప్యూటరు ఇంజనుకు పెట్రోలు, నిప్పురవ్వ అందనిస్తుంది. సరిపోకపోతే తీగలు ఎన్ని కలిపినా ఇంజను అందుకోదు. దీన్ని ఇమ్మొబిలైజరు అంటారు.

ఇది అరవదు, కూయదు, ఒక్కటే ప్రశ్న అడుగుతుంది: "నువ్వు ఎవరు?" ఐరోపా దేశాల్లో 1998 నుంచి కొత్త కార్లన్నిటికీ ఇది ఉండి తీరాలన్నారు. నెదర్లాండ్స్ దేశంలో లెక్కలు తీసిన పరిశోధకులు 1995, 2008 మధ్య దీనివల్ల కార్ల దొంగతనాలు సుమారు 40 శాతం తగ్గినవని అంచనా వేశారు. ఇన్నేళ్ళూ వీధులు అదిరేట్టు అరిచిన సైరన్లకు నేనయితే ఇంత మంచి మార్కులు వెయ్యలేను.

ఇక తలుపుల సంగతి. దూరాన్నుంచే తలుపులు తీసే మీట 1982 లో ఫ్రాన్సులో రెనో కంపెనీ ఫ్యూగో అనే కారుకు వచ్చింది. అది కంటికి కనిపించని పరారుణ కాంతితో పనిచేసేది. తరువాత రేడియో తరంగాలు వచ్చాయి. మొదటి తరం రేడియో మీటలు చిలక వంటివి. ఎప్పుడు నొక్కినా ఒకే సంఖ్య చెప్పేవి. దొంగ పొదచాటున ఒక రేడియో పెట్టి ఆ సంఖ్యను పట్టుకుంటే చాలు, మీరు వెళ్ళిపోయాక తానే దాన్ని వినిపించి తలుపు తీసుకునేవాడు. కారు తప్పు ఏమీ లేదు. అది అడిగిన ప్రశ్నకు సరైన జవాబే వచ్చింది.

మరి ఏం చెయ్యాలి? ప్రతిసారీ జవాబు మారిపోవాలి. అదీ ఎట్లా మారాలంటే, కారుకు మాత్రం తెలియాలి, పొదచాటువాడికి తెలియకూడదు. ఇది మీరు ఆడుకోగల ఆటే. నేనూ మా మేనల్లుడూ తిరుగు ప్రయాణంలో పాల్వంచ దాకా ఆడాము.

ఆట ఇది. నేను కారును, వాడు రిమోటు. మా ఇద్దరికే తెలిసిన రహస్య సూత్రం ఒకటి ఉన్నది: మీట ఎన్నోసారి నొక్కామో ఆ సంఖ్యను దానితోనే గుణించి, 37 కలిపి, చివరి రెండంకెలు మాత్రం చెప్పాలి. పద్నాలుగోసారి నొక్కాడనుకోండి. 14 ను 14 తో గుణిస్తే 196. దానికి 37 కలిపితే 233. కాబట్టి వాడు "33" అన్నాడు. నేనూ నా మనసులో అదే లెక్క వేసుకున్నాను గనక తలుపు తీశాను. ముందుసీట్లో ఉన్న మా అక్కయ్య దొంగ. ఆమె "33" విన్నది. కాసేపటికి "33" అన్నది. "అమ్మా, అది అయిపోయిన మాట. ఇప్పుడు నాకు పదిహేనోది కావాలి," అన్నాను. పదిహేనోది ఎంతో ఆమెకు ఎట్లా తెలుస్తుంది? సూత్రం తెలిసిన మీకు తెలుసు: 225, 37 కలిస్తే 262, అంటే 62.

ఇంతలో మేనల్లుడు ఒక మంచి ప్రశ్న వేశాడు. "మామయ్యా! నేను డాబా మీద కూర్చుని ఆడుకుంటూ మీట నొక్కాననుకో. కారు దూరంగా ఉన్నది, దానికి వినబడలేదు. నేను పదిహేను, పదహారు అయిపోయి పదిహేడుకు వచ్చాను. నువ్వు ఇంకా పదిహేను దగ్గరే ఉన్నావు. అప్పుడో?" అన్నాడు. నిజమే! వాడు పదిహేడోది, 26, చెబుతాడు. నేను పదిహేనోది వేసుకుంటే 62, సరిపోదు. అందుకని కారు మొండికెయ్యకుండా కొంచెం ముందుకు కూడా చూస్తుంది. పదహారోది 93, కాదు. పదిహేడోది 26, ఆఁ, సరిపోయింది! "నా మీటే, మధ్యలో రెండుసార్లు నాకు వినబడలేదు" అనుకుని తలుపు తీసి, తన లెక్కనూ పదిహేడుకు జరుపుకుంటుంది. వెనక్కు మాత్రం ఎన్నడూ చూడదు. బాగా వ్యాపించిన కీలాక్ అనే పద్ధతిలో ఇట్లా ముందుకు చూసే హద్దు పదహారు. తమ్ముడు అంతకంటె ఎక్కువ నొక్కితే, అమ్మగారు కారు దగ్గర నిలబడి మీటను వరసగా రెండుసార్లు నొక్కాలి. అప్పుడు మళ్ళీ రెండూ కలుసుకుంటాయి.

నిజమైన రిమోట్లలో సూత్రం మన సూత్రమంత చిన్నది కాదు. కీలాక్ దక్షిణాఫ్రికాలో పుట్టింది. అందులో దాచిన రహస్యం ఇరవై అంకెల సంఖ్యల దాకా పోగలదు. ఒక్కొక్కటీ వేసి చూద్దామంటే దొంగ జీవితం చాలదు. అయినా 2007, 2008 సంవత్సరాల్లో శాస్త్రజ్ఞులు ఆ పద్ధతిలోని లోపాలు బయట పెట్టారు. లెక్క వేసేటప్పుడు చిప్పు ఎప్పుడు ఎంత విద్యుత్తు తాగుతున్నదో కొలిచి, దానిని బట్టి లోపలి రహస్యాన్ని లాగేశారు! నోరు మూసుకున్నా మొహం చూసి దొంగను పట్టినట్టు అన్నమాట.

తరువాతి తరం రిమోటును జేబులోంచి తియ్యనే అక్కరలేదు. మీరు తలుపు పట్టుకుంటే కారు మెల్లగా పిలుస్తుంది. ఆ పిలుపు ఒకటి రెండు గజాలకంటె పోదు. జేబులోని రిమోటు దానిని విని రేడియోలో జవాబు చెబుతుంది. లోపల మీట నొక్కితే ఇంజను లేస్తుంది. పెద్దలకు ఇది ఎంతో హాయి. కాని గమనించారా? కారు ఇక్కడ ఒక సంగతిని ఊరికే నమ్ముతున్నది: జవాబు వచ్చింది కాబట్టి రిమోటు దగ్గరే ఉన్నది అని.

2011 లో స్విట్జర్లాండు దేశపు జూరిక్ నగరంలో పరిశోధకులు ఎనిమిది కంపెనీల కార్లు పది తెచ్చి పరీక్షించారు. ఒకరు కారు దగ్గర, ఒకరు రిమోటు దగ్గర చిన్న పరికరాలతో నిలబడి కారు పిలుపును రిమోటుకు అందించారు. ఆ రిమోటు దూరాన ఉన్నా జవాబు చెప్పింది. పది కార్లూ మోసపోయాయి! ఇక్కడ రహస్యం ఎవరూ కనిపెట్టలేదు, లెక్క ఎవరూ ఛేదించలేదు. ఊళ్ళో ఉన్న తాతయ్య గొంతును ఫోనులో వినిపించి, "తాతయ్య గుమ్మంలోనే ఉన్నాడు, తలుపు తియ్యి" అన్నట్టు. దీనికి విరుగుడుగా ఇప్పుడు కొన్ని కార్లు జవాబు రావటానికి పట్టిన కాలాన్ని కొలుస్తున్నవి. రేడియో తరంగం సెకండులో నూరుకోట్ల వంతులో ముప్ఫై సెంటీమీటర్లు పోతుంది. అంతకంటె ఆలస్యమయిన కొద్దీ రిమోటు అంత దూరాన ఉన్నదన్నమాట. అటువంటి కారు లేనివాళ్ళు రాత్రిపూట రిమోటును మూత గట్టిగా పట్టే ఇనుప డబ్బాలో పెట్టుకుంటే మంచిది. ముందు డబ్బాలో పెట్టి, కారు పక్కన నిలబడి తలుపు తెరుచుకుంటుందేమో పరీక్షించండి.

ఇక మీ అందరికీ ఇష్టమైనది: ఇంట్లో కూర్చుని ఇంజను స్టార్టు చెయ్యటం. ఇది మంచు కురిసే దేశాల వాళ్ళకు బాగా పనికివచ్చింది. మంచు గడ్డ కట్టిన కారులో కూర్చోలేక, ముందుగా ఇంజను వేడెక్కిస్తారు. మనకు దీని అవసరం తలకిందులు. 45 డిగ్రీల ఎండలో కారు చల్లబడాలని! 2019 లో మన దేశంలో వెన్యూ, హెక్టర్, సెల్టోస్ వంటి కార్లు లోపల సెల్ ఫోను సిమ్ముతో వచ్చాయి. ఫోనులో మీట నొక్కితే కబురు టవరుకు, అక్కడినుంచి కంపెనీ కంప్యూటరుకు, అక్కడినుంచి మళ్ళీ టవరు మీదుగా కారుకు పోతుంది.

ఖమ్మంలో మా వీధిలో ఒకాయన పాత కారుకు బజారులో ఇటువంటి రిమోటు స్టార్టు పెట్టించుకున్నాడు. కారు వాలులో ఉంటే, జారకుండా మొదటి గేరులో వేసి దిగటం ఆయనకు పాత అలవాటు. ఒకనాడు పొద్దున్నే వసారాలో నిలబడి మీట నొక్కాడు. సెల్ఫు తిరిగింది. గేరులో ఉన్న కారు ఇంజనుతో పాటు తానూ ఒక్క ఉరుకు ఉరికి, గోడకు ఆనించి ఉన్న పాలవాడి సైకిలును నలిపేసింది. పాలవాడు ఆ నిమిషానికే లోపలికి వెళ్ళి గిన్నెలో పాలు పోస్తున్నాడు. పాలవాడు బయటే ఉంటే ఏమయ్యేదో ఆ వీధిలో ఎవరూ పైకి అనలేదు. కంపెనీవాళ్ళు పెట్టే రిమోటు స్టార్టు ముందుగా గేరు న్యూట్రలులో ఉన్నదా, తలుపులూ బానెట్టూ మూసి ఉన్నాయా అని చూసుకుంటుంది. బజారు పెట్టెల్లో కొన్ని ఆ ప్రశ్నలు అడగనే అడగవు. పెద్దలు దయచేసి ఈ ముక్క రెండుసార్లు చదవాలి.

పిల్లలు చదవవలసింది ఇంకొకటి. మూసి ఉన్న షెడ్డులో ఇంజను తిరిగితే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు నిండుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్ర వస్తున్నట్టు చేసి ప్రాణం తీస్తుంది. అట్లాగే ఎండలో మూసిన కారులో దాగుడుమూతలు ఆడకండి. అరగంట కాకముందే లోపలి వేడి బయటి వేడిని చాలా మించిపోతుంది. ఎప్పుడైనా చిక్కుబడితే భయపడక హారను నొక్కుతూ ఉండండి. చాలా కార్లలో తాళం లేకపోయినా హారను మోగుతుంది. ఎవరి కారయినా అట్లా అరుస్తుంటే, నావలె అటు తిరిగి పడుకోకుండా, ఒక్కసారి లేచి అద్దంలోంచి లోపలికి చూడండి.

తిరుగు ప్రయాణం సంగతి సగంలో వదిలాను. పాల్వంచ దగ్గర కిన్నెరసాని జలాశయం చూద్దామని అడవి దారి పట్టాము. చూసి వచ్చేసరికి బావగారి రిమోటు పనిచెయ్యటం లేదు. అందులోని బిళ్ళ బ్యాటరీ అయిపోయింది. "ఫోనుతో తీస్తాను చూడండి," అని ఆయన ఫోను తీశారు. అక్కడ సిగ్నలు లేదు. ఫోనును చేత్తో పైకెత్తి అటూ ఇటూ నడిచారు, లేదు. అన్నిటికంటె కొత్త తరం మీట అడవిలో మూగబోయింది. దానికి టవరు కావాలి గదా!

అప్పుడు మా అక్కయ్య రిమోటును తిప్పి చూసి, పక్కన చిన్న నొక్కు కనిపెట్టి నొక్కింది. లోపల దాగి ఉన్న సన్నని ఇనుప చెవి బయటికి వచ్చింది. దానితో తలుపు తీశాము. వెంటనే సైరను లంకించుకున్నది! నిజానికి దాని దృష్టిలో మేము దొంగలమే. దూరంగా చెట్టు మీద కోతి ఒకటి తల తిప్పి చూసి, మళ్ళీ తన పేలు తాను చూసుకున్నది. బావగారు రిమోటును స్టార్టు మీటకు ఆనించి పట్టుకుని మీట నొక్కారు. మీటలోని తీగ చుట్ట, బ్యాటరీ లేని ఆ చిన్న చిప్పును లేపి అడిగింది. అది తన గుర్తు చెప్పింది. సైరను ఆగింది, ఇంజను లేచింది. మూడు తరాలనూ ఒక్క నిమిషంలో చూసినందుకు మా మేనల్లుడు చప్పట్లు కొట్టాడు.

ఇప్పుడు మీకొక లెక్క. మన ఆటలో పద్నాలుగో నొక్కుకు 33 వచ్చింది. దాన్ని విని దాచుకున్న దొంగ బాగా ఓపిక గలవాడు. అదే 33 మళ్ళీ ఎన్నో నొక్కుకు వస్తుంది? చేసి చూసి పంపండి. సూత్రాన్ని ఎట్లా మారిస్తే అది ఇంకా ఆలస్యంగా వస్తుందో కనిపెట్టినవాళ్ళు అది కూడా రాయండి. సూత్రం మాత్రం పోస్టు కార్డు మీద రాయకండి, కవరులో పెట్టండి!